ఉబ్బసవ్యాధియు తెల్లకణముల ప్రయాణమును

ఉబ్బసమనగా నేమో యెరుగని కుటుంబము మిక్కిలి యరుదు. రొమ్ములో పిల్లికూతలు వినబడుట, తెల్లవారుజామున దగ్గు తెరలుతెరలుగా వచ్చుట, పండుకొనజాలక లేచి కూర్చుండుట, ఆయాసము తగ్గినపిమ్మట రోగి యేమియు జరుగనట్లు తిరుగాడుట యీ వ్యాధి లక్షణములు. ఇట్లు వచ్చుచు పోవుచు నుండుటచేతనే దీనినిగూర్చి యనేకములైన యపోహలు వ్యాపించినవి. కొందరు దీనిని క్షయతో సమానముగా నెంచి యంటువ్యాధియని భయపడుదురు. కొందరు పడిశము ముదిరి యిట్లయినదందురు. ఆయాసము తగ్గినంతనే వ్యాధియు తగ్గినదని తలంచువారు మరి యెక్కువమంది.

ఈ తలంపులలో కడపటిదే మిక్కిలి హానికరమైనది. ఊపిరి చక్కగా నాడుచున్న దినములయందు సైతము శ్వాసనాళికల గోడలలో వ్యాధి నడచుచునే యుండును. అది యెట్లు నడచుచున్నది, రక్తములోని యే కణములు ఎవరి పిలుపున వచ్చి యచ్చట చేరుచున్నవి, ఆ పిలుపు నాపుట యెట్లు అను విషయములను వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇది పై తరగతుల విద్యార్థులకు శరీరశాస్త్ర పాఠముగాను, తల్లిదండ్రులకు ఇంట నుపయోగించు జ్ఞానముగాను పనికివచ్చునని తలంచుచున్నాము.

శ్వాసనాళికల నిర్మాణము

మనము పీల్చిన గాలి గొంతునుండి శ్వాసనాళములోనికి పోవును. శ్వాసనాళము రొమ్ములో రెండు కొమ్మలుగా చీలి, ఒక్కొక్క కొమ్మ యొక్కొక్క యూపిరితిత్తిలో ప్రవేశించును. ఆ కొమ్మలు మరల మరల చీలుచు, తలక్రిందులుగా నిలిపిన చెట్టువలె, సుమారు 23 తరముల శాఖలై తుదకు వాయుగోణులతో ముగియును. ఈ కొమ్మలకే శ్వాసనాళికలని పేరు. వీని గోడలో ముఖ్యముగా మూడు భాగములను గుర్తింపవచ్చును. లోపలివైపున నూగువంటి సన్నని కేశములుగల కణముల పొర యొకటి. దాని క్రింద రక్తనాళములును గ్రంథులును గల మెత్తని పొర యొకటి. దానిని చుట్టుకొని కండరపు పట్టీలు.

ఉబ్బసము విజృంభించినపుడు ఈ మూడు భాగములును చెడును. కండరము బిగిసికొనును, మెత్తని పొర వాచును, గ్రంథులు జిగటకఫమును విస్తారముగా నూరించును. ఇందువలన గాలిదారి యిరుకగును. గొట్టములో గాలి నెమ్మదిగా ప్రవహించునపుడు దాని వ్యాసార్ధము సగమైనచో నిరోధము రెండింతలు గాక పదునారింతలగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కావుననే నాళిక కొంచెము వాచినను రోగికి ప్రాణసంకటముగా నుండును. గాలిని లోనికి పీల్చుటకంటె వెలుపలికి విడుచుటయే యెక్కువ కష్టమగును. ఇరుకుదారిన గాలి వెడలునపుడు పుట్టు ధ్వనియే పిల్లికూత.

కండరము బిగియుట నిమిషములలో జరుగును. మందుతో నిమిషములలోనే సడలును. వాపు అట్టిదికాదు. దానిని కలిగించునవి వెలుపలినుండి వచ్చిన సూక్ష్మజీవులు కావు. మన రక్తములోనుండి వచ్చిన తెల్లకణములే. ఆ కణములనుగూర్చి తెలిసికొనినగాని యీ వ్యాధి మర్మము తెలియదు.

తెల్లకణములను కనుగొనిన విధము

ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరులో ఎర్రకణములు సుమారు 50 లక్షలుండగా, తెల్లకణములు 4,000 మొదలు 11,000 వరకు మాత్రమే యుండును. ఎర్రకణములు రక్తనాళములను వదలక తిరుగుచు ప్రాణవాయువును మోయును. తెల్లకణములు శరీరరక్షణకై యేర్పడినవి. ఇవి రక్తనాళముల గోడలను దాటి వెలుపలికి పోగలవు. 1867వ సంవత్సరమున కోన్‌హైమ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బ్రదికియున్న కప్పయొక్క పలుచని పొరను సూక్ష్మదర్శినిక్రింద నుంచి, వాపు పుట్టినచోట తెల్లకణములు రక్తనాళపు గోడకు అంటుకొని, దానిని దూరి బయటికి వచ్చుటను కన్నులార చూచి వర్ణించెను.

1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున, గాజువలె పారదర్శకములైన నక్షత్రచేప పిల్లల శరీరములో చిన్న ముల్లును గుచ్చి, మరునాడు చూడగా ఆ ముల్లు చుట్టును సంచరించు కణములు గుమిగూడియుండెను. వానికి ముల్లున్న తావు నెవరు తెలిపిరి? ఈ ప్రశ్నయే తరువాత నూరు సంవత్సరముల పరిశోధనకు మూలమైనది.

తెల్లకణములన్నియు నొకే జాతివి కావని చూపినవాడు పాల్ ఎర్లిక్. ఆయన రంగులద్దు పద్ధతిచే కణములను వేరుపరచుచు, 1879లో ఇయోసిన్ అను రంగును మిక్కుటముగా పీల్చి ప్రకాశించు రేణువులుగల యొక కణమును గుర్తించెను. గ్రీకుభాషలో ఇయోస్ అనగా ఉషస్సు. తెల్లవారు వేళ తూర్పుదిక్కున కనబడు రంగుతో నుండుటచే ఆ కణమునకు ఇయోసినోఫిల్ అను పేరు వచ్చినది. మెచ్నికాఫునకును ఎర్లిక్కునకును కలిపి 1908లో నోబెలు బహుమాన మొసగబడెను.

ఆరోగ్యవంతుని రక్తములో ఇయోసినోఫిల్ కణములు ఘన మిల్లీమీటరునకు 500కు లోబడి యుండును. ఎలర్జీ ఉబ్బసము గలవారి రక్తమునందును కఫమునందును ఇవి యధికముగా కనబడుట సాధారణము. 1872లో లైడెన్ అను వైద్యుడు ఉబ్బసరోగుల కఫములో సూదులవంటి స్ఫటికములను చూచెను. అవి ఇయోసినోఫిల్ కణములు చెడినపుడు వానిలోని మాంసకృత్తు గట్టిపడగా నేర్పడునవని తరువాత తెలిసినది.

మొదటి పొరపాటు

1906లో వాన్ పిర్కే అను ఆస్ట్రియా వైద్యుడు ఎలర్జీ యను పదమును కల్పించెను. బయటి పదార్థ మొకటి శరీరములో ప్రవేశించిన తరువాత, ఆ పదార్థముపట్ల శరీరము మునుపటివలెగాక మారిన విధముగా ప్రవర్తించుట యని దీని భావము. ఈనాడు ఆ పదమును నిరపాయకరమైన వస్తువును శత్రువుగా నెంచి పోరాడు స్వభావమునకు వాడుచున్నాము.

అట్టి వస్తువు లేవి? పరుపులయందును దిండ్లయందును నుండి, మన శరీరమునుండి రాలిన చర్మపు పొట్టును తిని జీవించు సూక్ష్మకీటకములు మొదటివి. ఇవి మిల్లీమీటరులో మూడవవంతు మాత్రముండును. వీని మలము ధూళిలో కలిసి గాలిలో లేచును. బొద్దింకల శరీరపు పొడి, పిల్లి కుక్కల చుండు, బూజు, కొన్ని మొక్కల పుప్పొడి తరువాతివి. పొలముగట్లపై పెరుగు వయ్యారిభామ మొక్కయొక్క పుప్పొడియు నిట్టిదే.

ఈ పొడిని పీల్చిన ప్రతివానికి ఉబ్బసము రాదు. తల్లిదండ్రులనుండి వచ్చిన గుణమునుబట్టియు, బాల్యమున సోకిన జ్వరములు, పొగ మున్నగు కారణములనుబట్టియు కొందరికే వచ్చును. అట్టివారి నాళికలలోపలి పొర గాయపడినపుడు ఆ పొరయే కొన్ని హెచ్చరిక ద్రవ్యములను వెలువరించును. వేగుకణములు ఆ పొడిని మ్రింగి, దగ్గరనున్న లింఫు గ్రంథులకు కొనిపోయి, టి-లింఫోసైటులను తెల్లకణములకు చూపును. ఆ లింఫోసైటులు ఇది శత్రువేయని పొరపాటు పడి, ఇంటర్‌ల్యూకిన్-4 అను సందేశద్రవ్యమును విడుచును. ఆ సందేశము నందుకొని బి-లింఫోసైటులు ఐజి-ఇ అను ప్రతిరక్షకమును తయారుచేయును. ప్రతిరక్షకమనగా నొకే శత్రువును గుర్తించి పట్టుకొనుటకై చేయబడిన మాంసకృత్తు.

రక్తములో నిట్టి పదార్థ మొకటి కలదని 1921లో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అను నిద్దరు వైద్యులు తమ శరీరములపైననే ప్రయోగము చేసి చూపిరి. క్యూస్ట్నరునకు వండిన చేప పడదు. ఆయన రక్తపు సీరమును ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి సూదిద్వారా నెక్కించుకొని, మరునాడు అదే తావున చేపరసము నెక్కించుకొనగా, అచ్చట మాత్రము దద్దురు లేచి దురద పుట్టెను. చేప పడని గుణము రక్తముతోకూడ నొకరినుండి మరియొకరికి పోయినది! ఆ గుణమును మోయు పదార్థమును 1966లో అమెరికాయందు ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనుయందు యోహాన్సన్, బెన్నిక్ అనువారును వేరువేరుగా గుర్తించిరి. 1968లో దానికి ఐజి-ఇ యని పేరు స్థిరపడినది.

ఐజి-ఇ పోయి శ్వాసనాళికల గోడలలో కాపురముండు మాస్టు కణములపై నంటుకొని యుండును. ఇంతవరకు రోగి కేమియు తెలియదు. మందుగుండు కూరిన తుపాకివలె మాస్టు కణములు సిద్ధముగా నుండును; అంతియే.

రెండు వేళల ఆయాసము

ఆ పొడి మరల నాళికలో ప్రవేశించి ఐజి-ఇని తాకినంతనే మాస్టు కణములు తమలోని రేణువులను వెడలగ్రక్కును. అందలి హిస్టమిన్ అను ద్రవ్యము కండరమును బిగించి రక్తనాళములను వదులుచేయును. దానితోకూడ మరియొక ద్రవ్యము పుట్టి యింకను బలముగా కండరమును బిగించుచున్నదని 1940లో ఆస్ట్రేలియాయందు కెల్లవే, ట్రెథెవీ అనువారు కనుగొని, అది నెమ్మదిగా పనిచేయునని మాత్రము చెప్పగలిగిరి. స్వీడను శాస్త్రజ్ఞుడైన సామ్యుయెల్సన్ 1979లో దాని రసాయననిర్మాణమును తెలిపెను. వానికే ల్యూకోట్రయీనులని పేరు.

ఈ మొదటి యాయాసము కొన్ని నిమిషములలో వచ్చి, ఒకటి రెండు గంటలలో తగ్గును. ఇంటివారు గండము గడచినదని ఊరట చెందుదురు. కాని యనేకులకు నాలుగు మొదలు ఎనిమిది గంటల పిమ్మట, మరల ధూళి నేమియు పీల్చకున్నను, రెండవ యాయాసము వచ్చును. సాయంకాలము పాతసామాను గది నూడ్చిన పిల్లవానికి అర్ధరాత్రమున నుబ్బసము రేగుట కిదియే కారణము. ఈ రెండవది మొదటిదానికంటె దీర్ఘకాలముండును. దీనిలో వాపు ముఖ్యము. మొదటి గంటకును రెండవ యాయాసమునకును నడుమ నేమి జరిగినదో చూతము.

పిలుపును ప్రయాణమును

మాస్టు కణములును, టి-లింఫోసైటులును, వానికి సాయపడు మరికొన్ని కణములును కలిసి సందేశద్రవ్యములను రక్తములోనికి విడుచును. వీనిలో ఇంటర్‌ల్యూకిన్-5 అనునది రక్తప్రవాహమున ఎముకల మూలుగవరకు పోయి, అచ్చట నింకను బాల్యదశలోనున్న ఇయోసినోఫిల్ కణములను త్వరగా పెంచి రక్తములోనికి పంపించును. ఇవి మామూలుగా కొన్ని గంటలే రక్తములో తిరుగును. పిమ్మట నితర ధాతువులలో ప్రవేశించి కొలది దినములలో నశించును. ఇంటర్‌ల్యూకిన్-5 వాని యాయువును కూడ పెంచును.

రక్తములోనికి వచ్చిన కణము శ్వాసనాళిక నెట్లు గుర్తుపట్టును? ఇంటర్‌ల్యూకిన్-4, 13 అను సందేశముల ప్రభావమున ఆ ప్రాంతపు రక్తనాళములు తమ లోపలి గోడపై కొన్ని జిగురు మాంసకృత్తులను మొలిపించును. మిగిలిన రక్తనాళముల గోడలు నున్నగా నుండగా, ఇచ్చట మాత్రము పట్టు దొరకును. వరదకాలువలో కొట్టుకొనిపోవువాడు గట్టున వ్రేలాడు మఱ్ఱియూడలను పట్టుకొనుచు వదలుచు, తుదకొక గట్టి యూడను చిక్కించుకొని నిలుచును గదా! అట్లే ఇయోసినోఫిల్ కణము మొదట గోడవెంట దొర్లును. పిమ్మట గట్టిగా నంటుకొనును. ఆపైని తన శరీరమును సాగదీసి గోడకణముల సందులగుండ దూరి వెలుపలికి వచ్చును. కోన్‌హైమ్ 1867లో చూచినది ఈ మూడవ మెట్టునే.

వెలుపలికి వచ్చిన పిమ్మట దారి చూపునది వేరొక ద్రవ్యము. 1994లో లండను పరిశోధకులు, ఎలర్జీ కలిగించిన సీమపందికొక్కుల ఊపిరితిత్తులను కడిగిన నీటినుండి దీనిని వేరుచేసి, ఇయోటాక్సిన్ అని పేరుపెట్టిరి. ఇది ముఖ్యముగా ఇయోసినోఫిల్ కణములను పిలుచును. ఏలయనగా దీని నందుకొను గ్రాహకము ఆ కణములపై విస్తారముగా గలదు. శ్వాసనాళిక లోపలి పొరకు సమీపించినకొలది దీని పాలు హెచ్చును. చీమలు బెల్లపు వాసనవెంట నడచునట్లు, కణము హెచ్చు పాలుగల దిక్కునకే నడచును. మెచ్నికాఫునకు కలిగిన సందేహమునకు సమాధాన మిదియే: గాయపడిన తావే పిలుచును, ఆ పిలుపు ద్రవ్యరూపమున నుండును.

ఇట్లు వచ్చి చేరిన కణములకు అచ్చట చంపవలసిన శత్రువు లేదు. ఉన్నది ధూళి మాత్రమే. అయినను అవి తమ రేణువులలోని విషమును వదలుటచే నాళికలోపలి పొర యూడిపోవును. నాడుల కొనలు తేరగా బయటపడి, చల్లగాలి, పొగ, పరుగు, నవ్వు మొదలగు స్వల్పకారణములకు సైతము కండరము బిగియును. పొర యూడినచోట మరల హెచ్చరిక ద్రవ్యములు పుట్టును. అవి మరల కణములను పిలుచును. ఈ విధమున నొక దినముతో పోవలసిన కయ్యము సంవత్సరముల తరబడి సాగును. ఏండ్లు గడచినకొలది నాళికల గోడ దళసరియై గట్టిపడును.

ఈ కణముల యసలు పని

ఇంతటి హాని చేయు కణము మన శరీరమున నేల యున్నదని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మ్రింగుటకు వీలుకానంత పెద్దవైన క్రిములతో పోరాడుట దీని ముఖ్యమైన పనులలో నొకటి. ఇందుకు మన ప్రాంతముననే పరిశీలింపబడిన దృష్టాంతము గలదు.

మదనపల్లెకు సమీపమున నారోగ్యవరమునందలి యూనియన్ మిషన్ క్షయ వైద్యశాలలో, డేనిష్ వైద్యుడగు ఫ్రీమాట్-మోలరు గారును బార్టన్ గారును కొందరు విచిత్రరోగులను చూచిరి. వారికి రాత్రులందు దగ్గు, ఆయాసము. ఎక్స్‌రే పటమున నూపిరితిత్తులనిండ క్షయరోగమునందువలె సన్నని మచ్చలు. కాని వారిది క్షయ కాదు. రక్తమును పరీక్షింపగా ఇయోసినోఫిల్ కణములు విపరీతముగా నుండెను. ఈ సంగతిని వారు 1940లో ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా యని పేరుపెట్టెను. ఈ వ్యాధిలో ఘన మిల్లీమీటరునకు 3,000కు మించి యీ కణములుండుట సాధారణము.

దోమకాటువలన శరీరములో ప్రవేశించు బోదకాలు క్రిములే దీనికి కారణమని తరువాత స్థిరపడినది. ఆ క్రిముల సూక్ష్మమగు పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకొనగా, వానిని చంపుటకై తెల్లకణములు అచ్చటికి దండెత్తును. భీమవరమున జన్మించి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి యాధ్వర్యమున 1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజీన్ అను మందు బోదకాలునకు ఔషధమైనది. ఆ మందే యీ వ్యాధికిని వాడబడుచున్నది. క్రిములు నశించినంతనే పిలుపు తగ్గును, కణములు తగ్గును, చాలమందికి ఆయాసమును తగ్గును.

ఈ రెండు వ్యాధులను ప్రక్కప్రక్కన నుంచి చూచిన మన విషయము తేటపడును. ఒకదానిలో శత్రువు నిజముగా కలదు. శత్రువును చంపినచో పిలుపు తానే యాగును. ఉబ్బసములో శత్రువు లేదు. పొరపాటు పిలుపే వ్యాధి. కావున పిలుపునే యడచవలెను. ఉబ్బసమని తలంచి మందు పుచ్చుకొనువారు రక్తపరీక్ష చేయించుకొని, ఏది యేదో వైద్యునివలన తెలిసికొనుట మంచిది.

రెండు విధములైన మందులు

ఉబ్బసమునకు వాడు మందులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది సాల్‌బుటమాల్ వంటిది. ఇది 1969లో వాడుకలోనికి వచ్చినది. దీనిని ఇన్‌హేలరుద్వారా పీల్చినచో బిగిసిన కండరము కొలది నిమిషములలో సడలి ఊపిరి యాడును. రోగికి ప్రాణము లేచివచ్చినట్లుండును. కాని యిది తెల్లకణముల జోలికి పోదు. దారి తెరచును, వాపు నుండనిచ్చును.

రెండవది పీల్చు స్టిరాయిడు మందు. ఇట్టిదగు బెక్లోమెథసోన్ ఇన్‌హేలరు 1972లో వచ్చినది. ఇది కణములలో ప్రవేశించి, ఇంటర్‌ల్యూకినులను ఇయోటాక్సినును తయారుచేయు నాజ్ఞలనే తగ్గించును. పిలుపు సన్నగిల్లగా క్రొత్త కణములు రావు, వచ్చియున్నవి నశించును. దీని ఫలము నిమిషములలో కనబడదు. దినములు, వారములు పట్టును. కావున దీనిని వాడువారు గుణము తెలియలేదని మధ్యలో మానుదురు. లేదా గుణము కనబడినంతనే మానుదురు. రెండును తప్పే.

స్టిరాయిడను పేరు విని తల్లిదండ్రులు భయపడుట సహజము. మాత్రలరూపమున దీర్ఘకాలము వాడినచో హాని కలదు. పీల్చు మందు మైక్రోగ్రాముల లెక్కన నేరుగా నాళికలకే పోవును. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి యుమిసినచో నోటిపూత వచ్చుట తగ్గును. కొందరు పిల్లలు సుమారొక సెంటీమీటరు తక్కువ యెత్తు పెరుగుదురని పరీక్షలలో తేలినమాట నిజమే. అదుపులేని ఉబ్బసమును పెరుగుదలను కుంటుపరచును. అదిగాక ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఇవి యలవాటుపడి వదలలేని మత్తుమందులును గావు. 2019 మొదలు ప్రపంచ ఉబ్బస నిపుణుల సంఘమగు జినా, పెద్దవారికిని పండ్రెండేండ్లు నిండిన పిల్లలకును సాల్‌బుటమాల్ వంటి మందును మాత్రమే ఇచ్చి యూరకుండరాదని చెప్పుచున్నది. వాపు నణచు మందు తప్పక తోడుండవలెను.

ఇటీవలి కాలమున పిలుపునే పట్టి యాపు సూదిమందులును వచ్చినవి. ఐజి-ఇని పట్టునది 2003లోను, ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టు మెపోలిజుమాబ్ 2015లోను అమెరికాలో అనుమతి పొందినవి. ఈ రెండవదాని చరిత్రలో విద్యార్థులు గ్రహింపదగిన నీతి యొకటి కలదు. 2000లో దీనిని కొందరు ఉబ్బసరోగులకిచ్చి చూడగా రక్తములోని ఇయోసినోఫిల్ కణములు తగ్గినవి గాని, రెండవ యాయాసము తగ్గలేదు. ఇయోసినోఫిల్ నిర్దోషియేమోయని పలువురు సందేహించిరి. 2009లో ఆ కణములు విస్తారముగా నున్న తీవ్రరోగులనే యేరి, దీర్ఘకాలము మందిచ్చి చూడగా, ప్రమాదకరమైన దాడులు తగ్గినవి. ఉబ్బసమను నొక్క పేరుక్రింద వేరువేరు విధములైన వ్యాధులు గలవనియు, అన్నిటికిని ఇయోసినోఫిల్ కారణము కాదనియు దీనివలన తెలిసినది. ప్రశ్న సరియైనను, అడుగదగినవారిని అడుగనిచో సమాధానము తప్పుగా వచ్చును. ఈ సూదిమందులు మిక్కిలి వెలగలవి. తీవ్రరోగులకు మాత్రమే యవసరము. తక్కినవారికి రోజువారీ పీల్చు మందే చాలును.

విద్యార్థులకును తల్లిదండ్రులకును

ఉబ్బసము అంటువ్యాధి కాదు. ఉబ్బసముగల బాలుని ప్రక్కన కూర్చుండుటవలన, వాని కంచమున తినుటవలన నది రాదు. వానిని పరిహసించుట యవివేకము. తోడివారి నవ్వునకు వెఱచి ఇన్‌హేలరును సంచిలో దాచుకొని, ఆటస్థలమున దగ్గుచు నూరకుండు బాలురు పాఠశాలలయం దుందురు. అట్టివారు ధైర్యముగా నందరియెదుట మందు వాడుకొనునట్లు చేయుట తోటివారి ధర్మము. వ్యాధి యదుపులో నున్నచో వారును అందరివలె పరుగెత్తవచ్చును, ఆడవచ్చును.

తరగతిలో నెవరికైన ఆయాసము వచ్చినచో పండుకొనబెట్టరాదు, నిటారుగా కూర్చుండబెట్టవలెను. చుట్టును మూగరాదు. వైద్యుడు వ్రాసియిచ్చిన ప్రకారము ఇన్‌హేలరును, స్పేసరను గొట్టమున్నచో దానితోకూడ, వాడించవలెను. వెంటనే ఉపాధ్యాయులకు తెలుపవలెను. మాట పూర్తిచేయలేకున్నను, ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి గుంజుకొనిపోవుచున్నను, పెదవులు నీలివర్ణమైనను, మందు పీల్చినను గుణము కనబడకున్నను, ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. పిల్లికూతలు ఆగినవి గదా యని సంతసింపరాదు; రోగి యలసి గాలి బొత్తిగా నాడనపుడు సైతము ఆ ధ్వని యాగును.

ఇంటియందు దుప్పట్లను దిండుగలీబులను వారమున కొకమారు వేడినీట నుతుకుట, తడిగుడ్డతో ధూళిని తుడుచుట, పిల్లలున్న గదిలో చుట్ట, కట్టెలపొయ్యి, అగరువత్తుల పొగ లేకుండ చూచుట మేలు. ఇవి పిలుపునకు కారణములను తగ్గించును. మందునకు బదులు గావు.

తల్లిదండ్రులకు మేము విన్నవించున దొక్కటే. పిల్లవాడు సుఖముగా నిద్రించుచున్న రాత్రియు వాని నాళికలలో తెల్లకణములు చేరుచుండవచ్చును. ఆయాసము లేని దినమున మందు దండుగయని తలపవలదు. ఆ దినము ఆయాసము లేకుండుటకు ఆ మందే కారణము కావచ్చును. మోతాదును తగ్గించుటయు మానుటయు వైద్యుని సలహాపైననే జరుగవలెను. ఈ యొక్క నియమమును పాటించినచో, బడి మానవలసిన దినములు తగ్గును. భయముతో మేలుకొనియుండు రాత్రులును తగ్గును.